టర్బో ఇంజన్ దించడం ఈజీనే, కారుని ఒప్పించడమే కష్టం

"బ్రో, టర్బో ఇంజన్ ఒకటి దొరికింది, మన బండిలో పడుతుందా?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే (టర్బో అంటే ఎగ్జాస్ట్ పొగతో తిరుగుతూ ఇంజన్లోకి ఎక్కువ గాలి కుక్కే ఫ్యాన్, ఆ కుక్కుడు ప్రెషర్‌నే బూస్ట్ అంటారు). పడుతుంది. కొలతలు తీసుకుని, గ్రైండరు, వెల్డింగ్ మెషీను పక్కన పెట్టుకుని కూర్చుంటే ఏ బండిలోనైనా ఏ ఇంజనైనా పడుతుంది, యూట్యూబ్ నిండా అవే కదా. కానీ పట్టడం వేరు, పట్టాక పొద్దున్నే తాళం తిప్పగానే స్టార్ట్ అయ్యి, ట్రాఫిక్‌లో వేడెక్కకుండా, చెక్ ఇంజన్ లైట్ వెలక్కుండా, ఏసీ కూడా పనిచేస్తూ రోజూ తిరగడం వేరు. మొదటిది చేసి రెండోది చేయలేక ఆగిపోయిన బండ్లు ఎన్నో కవర్ కప్పుకుని గారేజుల్లో పడున్నాయి.

అందుకే నేను తిరిగి అడిగేది ఒకటే. ఇంజన్ ఒక్కటే వస్తోందా, లేక అది బిగించి ఉన్న కారు మొత్తం వస్తోందా? ఒక్కటే అయితే వద్దంటా, ఎంత చవగ్గా వచ్చినా సరే. వైరింగ్ కోసేసి, ఈసీయూ (ఇంజన్ని నడిపే కంప్యూటర్) ఎక్కడుందో తెలీకుండా, టర్బో మూతి మీద గుడ్డ కుక్కి ప్యాలెట్ మీద పెట్టి అమ్మే ఇంజన్లు ఉంటాయి చూడండి, అవి కొన్నాక మిగతా ముక్కలు ఒక్కోటి వెతుక్కునేసరికి దెబ్బతిన్న కారు మొత్తం కొన్నదానికంటే ఎక్కువే అవుతుంది, పైగా ఏ ముక్క కావాలో కూడా మనకి అప్పటికి తెలీదు, అది లేదని తెలిసేది బిగించేటప్పుడే.

ముందు ఒక డౌట్ తీర్చేస్తా, ఎందుకంటే కింద కామెంట్ ఎలాగూ వస్తుంది. ఉన్న ఇంజన్‌కే టర్బో తగిలిస్తే పోదా, ఇంజన్ మార్చడం ఎందుకు? తగిలించొచ్చు, చేసినవాళ్లు ఉన్నారు, బూస్ట్ తక్కువలో పెట్టుకుని ట్యూన్ జాగ్రత్తగా చేసుకుంటే బతుకుతాయి కూడా. అయితే నాన్-టర్బో ఇంజన్లో కంప్రెషన్ రేషియో, అంటే సిలిండర్లో గాలిని పిస్టన్ ఎన్నో వంతుకి నొక్కుతుందో ఆ లెక్క, మామూలుగా 10:1 దగ్గరో ఇంకా పైనో ఉంటుంది. దాంట్లోకి టర్బో ఇంకా గాలి కుక్కితే సిలిండర్లో ప్రెషరూ వేడీ రెండూ పెరిగి, స్పార్క్ మంట మొత్తం పాకకముందే మూలల్లో మిగిలిన పెట్రోల్ దానంతటదే అంటుకుంటుంది, అదే నాకింగ్, అది ఎక్కువైతే పిస్టన్ రింగుల మధ్య ఉండే సన్నటి గోడలు పగులుతాయి. అందుకే కంపెనీవాళ్లు పాత టర్బో ఇంజన్లలో కంప్రెషన్ బాగా తగ్గించేవాళ్లు. టొయోటా 2జేజెడ్ చూడండి, నాన్-టర్బో జీఈ 10:1, టర్బో జీటీఈ 8.5:1, పైగా జీటీఈలో పిస్టన్ల అడుగున ఆయిల్ చిమ్మే జెట్లు కూడా ఉంటాయి. పేరు చూస్తే అన్నదమ్ములే, లోపల సామాను వేరు.

దీనికి చరిత్రలో మంచి ఉదాహరణ ఒకటుంది. 1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అని వచ్చింది, మామూలు జనానికి అమ్మిన మొదటి టర్బో కార్లలో అదొకటి. 215 క్యూబిక్ ఇంచుల అల్యూమినియం వీ8, 215 హార్స్‌పవర్. వాళ్లు ఏం చేశారంటే కంప్రెషన్ 10.25:1 అలాగే ఉంచి టర్బో పెట్టేశారు. మరి నాకింగ్ సంగతి? దానికి నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని బూస్ట్ మీద ఇంజన్లోకి పంపారు, టర్బో రాకెట్ ఫ్లూయిడ్ అని దానికో పేరు కూడా. ఆ డబ్బా ఖాళీ అయితే బూస్ట్ దానంతటదే తగ్గేలా సిస్టమ్ పెట్టారు, కానీ జనం పెట్రోల్ కొట్టించడమే గుర్తుపెట్టుకుంటారు, ఇదెక్కడ గుర్తుంటుంది? చివరికి చాలా కార్లకి టర్బో ఊడదీసి మామూలు కార్బ్యురేటర్ పెట్టించుకున్నారు. అంత పెద్ద కంపెనీనే అక్కడ తిప్పలు పడింది. కాబట్టి టర్బో కోసమే పుట్టిన ఇంజన్ తెచ్చుకుంటే సగం తలనొప్పి పోతుంది, మిగతా సగం గురించే ఈ పోస్ట్.

ఇక ఏ బండికి చేయాలి అన్నదాంట్లో నా లెక్క సింపుల్. మీ కారుకి ఫ్యాక్టరీ నుంచే ఒక టర్బో అన్నయ్య ఉండాలి. అదే బాడీ కాకపోయినా అదే ఇంజన్ కుటుంబం. నిస్సాన్ 240ఎస్ఎక్స్‌కి కేఏ24డీఈ ఇచ్చారు, ఇనుప బ్లాకు, 2.4 లీటర్లు, నమ్మకమైనదే కానీ సందడి ఉండదు. అదే బాడీ జపాన్‌లో సిల్వియా, 180ఎస్ఎక్స్ పేర్లతో ఎస్ఆర్20డీఈటీ వేసుకుని తిరిగింది, 205 పీఎస్. ఇంజన్ పెట్టుకునే చోటు నిస్సాన్ ముందే చేసి ఉంచింది కాబట్టి మౌంట్ల కోసం వెల్డింగ్ అక్కర్లేదు, పైగా ఎస్ఆర్ బ్లాక్ అల్యూమినియం, ముక్కు మీద బరువు కూడా తగ్గుతుంది. ప్రపంచం మొత్తం ఆ స్వాప్, అంటే ఇంజన్ మార్పిడి, అంతమంది చేయడానికి కారణం ఇదే, డ్రిఫ్టింగ్ పిచ్చి ఒక్కటే కాదు.

నేను దగ్గరుండి చేసింది మాత్రం సుబారు. మా ఫ్రెండ్‌ది ఇంప్రెజా 2.5ఆర్ఎస్, ఈజే251 ఇంజన్, ఒకే క్యామ్ షాఫ్ట్ హెడ్లు, 10:1 కంప్రెషన్, 165 హార్స్‌పవర్. తమాషా ఏంటంటే ఆ కారుకి బానెట్ మీద గాలి పట్టే స్కూప్ ఉంటుంది, కింద ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చేది) మాత్రం ఉండదు. చూసినవాళ్లంతా టర్బోనా అని అడగడం, మావాడు కాదని చెప్పుకోవడం, ఆ బాధ భరించలేకే ఈ పని మొదలెట్టాడని నా అనుమానం. దాత కారు, అంటే ఇంజన్ ఇచ్చే కారు, 2002-05 మధ్య వచ్చిన డబ్ల్యూఆర్ఎక్స్, ఇంప్రెజాలో టర్బో మోడల్, ఈజే205, రెండు లీటర్లు, 8:1 కంప్రెషన్, 227 హార్స్‌పవర్. వెనక నుంచి ఎవరో గట్టిగా గుద్దేశారు, డిక్కీ సీటు దాకా వచ్చేసింది, ముందు భాగానికి గీత కూడా పడలేదు. ఇలాంటి కారు దొరికితే వదలొద్దు, స్టార్ట్ చేసి చూసుకోవచ్చు, అన్నీ దాని చోట అది ఉంటాయి, ఏ పైపు ఎటెళ్తోందో ఫోటోలు తీసుకోవచ్చు. ఆ ఫోటోలు తర్వాత చాలా కాపాడాయి.

కొనేముందు ఏం చూడాలంటే, ఇంజన్ వేడెక్కాక కంప్రెషన్ టెస్ట్. నంబర్ ఎంత వచ్చింది అన్నదాని కంటే నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం, ఒక్కటి మిగతావాటికంటే బాగా కింద ఉంటే అక్కడే దండం పెట్టి వచ్చేయండి. వీలైతే లీక్‌డౌన్, అంటే సిలిండర్లోకి గాలి నింపి చూసే టెస్ట్, కూడా చేయిస్తే గాలి రింగుల్లోంచి పోతోందా వాల్వుల్లోంచి పోతోందా తెలిసిపోతుంది. తర్వాత టర్బో. ఇన్‌టేక్ పైపు ఊడదీసి షాఫ్ట్ చివర రెండు వేళ్లతో పట్టుకుని కదిపి చూడండి. పక్కలకి కొంచెం కదిలితే కంగారు పడక్కర్లేదు, ఆ బేరింగ్‌కి ఆయిల్ పొర ఉండాల్సిన సందు అది. ముందుకీ వెనక్కీ కదిలితే మాత్రం, లేదా రెక్కలు హౌసింగ్ గోడకి రాసుకున్న గీతలు కనిపిస్తే, ఆ టర్బో అయిపోయినట్టే లెక్కేసుకుని బేరం ఆడండి. ఆయిల్ ఫిల్టర్ కోసి లోపలి కాగితం విప్పి చూడటం అందరూ మర్చిపోయే టెస్ట్, అందులో మెరిసే రాగి రంగు తళుకులు ఉంటే బేరింగ్లు అరుగుతున్నాయని అర్థం.

అమెరికాలో అమ్మిన ఆ ఏళ్ల డబ్ల్యూఆర్ఎక్స్‌లలో ఇంకో గొడవ ఉంది. హెడ్డర్ (సిలిండర్ల పొగ వచ్చి కలిసే పైపులు) నుంచి టర్బోకి వెళ్లే పైపులోనే, అంటే టర్బో కంటే ముందే, పొగని శుభ్రం చేసే ఒక చిన్న క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. అది పాతబడి ముక్కలైతే ఆ ముక్కలు నేరుగా లక్షకి పైగా ఆర్పీఎమ్‌లో తిరిగే టర్బైన్ మీదకే పోతాయి. దాని పరిస్థితి చూడకుండా ఇంజన్ బిగించొద్దు. ఊడదీసి పారేయొచ్చా అంటే మీ దగ్గర పొల్యూషన్ రూల్ ఏముందో అది చూసుకోవాలి, నేను చెప్పేది కాదు.

ఇంజన్ బయట ఉండగా చేసేయాల్సినవి చేసేశాం. టైమింగ్ బెల్ట్, దాని ఐడ్లర్లు, వాటర్ పంప్, క్రాంక్ వెనక సీల్, ఆయిల్ సెపరేటర్ ప్లేట్. ఇది ఇంటర్‌ఫియరెన్స్ ఇంజన్, బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి, అందుకే పాత బెల్ట్ ఎంత బాగున్నట్టు కనిపించినా నమ్మలేదు.

ఇప్పుడు చుట్టూ ఉన్న సామాను సంగతి. ఇంజన్ మౌంట్లు అవే, బెల్‌హౌసింగ్ బోల్టులూ కలుస్తాయి, ఇంకేంటి అనుకుని దించబోతే నాన్-టర్బో క్రాస్‌మెంబర్ (ఇంజన్ని కింద నుంచి మోసే దూలం) అడ్డం వస్తుంది, టర్బోకి వెళ్లే పైపుకి అక్కడ దారి లేదు. టర్బో కారు క్రాస్‌మెంబర్ వేరే షేప్‌లో ఉంటుంది, అది కూడా తెచ్చి వేయాలి. దాత కారు పక్కనే ఉంది కాబట్టి విప్పాం, వేశాం. ఇంజన్ ఒక్కటే కొనుక్కున్నవాళ్లు ఇక్కడే మొదటిసారి ఆగిపోతారు.

అన్నిటికంటే నాకు నచ్చిన ముక్క ఒక చిన్న డబ్బా. టర్బో సుబారుల్లో ఇంజన్ పైన ఒక కూలెంట్ ట్యాంక్ ఉంటుంది, రేడియేటర్‌కి మూత ఉన్నా కూలెంట్ అసలు నింపాల్సింది దీంట్లోనే. నాన్-టర్బో కారులో అది ఉండదు. చూడ్డానికి అనవసరమైన డబ్బాలా ఉంటుంది, తీసేస్తే చోటు కలిసొస్తుంది కదా అనిపిస్తుంది. కానీ దాని పనేంటంటే, మీరు హైవే మీద బాగా తొక్కి వచ్చి టక్కున ఇంజన్ ఆపేస్తే పంపు ఆగిపోతుంది, టర్బో మాత్రం కాలిపోతూ ఉంటుంది. టర్బో చుట్టూ ఉన్న నీళ్లు వేడెక్కి తేలికై పైకి, ఆ డబ్బాలోకి వెళ్తాయి, ఆ ఖాళీలోకి చల్లటి నీళ్లు కింద నుంచి వస్తాయి, పంపు అక్కర్లేకుండా దానంతటదే తిరుగుతుంది. దీనివల్లే బేరింగ్‌లో ఆయిల్ మాడి బొగ్గు కాకుండా ఉంటుంది. డబ్బా తీసేసినా మొదట్లో ఏం తెలీదు, టర్బో పోయాక కారణం కూడా ఎవరికీ తట్టదు. పైగా సిస్టమ్‌లో అన్నిటికంటే ఎత్తున ఉండేది అదే కాబట్టి గాలి బుడగలు బయటికి పోయేది కూడా అక్కడి నుంచే.

ఆయిల్ విషయంలో ఒకటే మాట. టర్బోకి ఆయిల్ వెళ్లే పైపు సన్నగా ఉన్నా నడుస్తుంది, ప్రెషర్ మీద వెళ్తుంది కాబట్టి. తిరిగొచ్చే పైపు మాత్రం లావుగా, ఎక్కడా వంకర లేకుండా, పైకి లేవకుండా కిందకే దిగాలి, ఎందుకంటే అక్కడ ఆయిల్ నురగలా వస్తుంది, నెట్టేవాడు ఎవడూ లేడు, దాని బరువుతో అదే దిగాలి. టర్బో నుంచి నీలం పొగ వస్తోంది సీల్ పోయింది అని కొత్త టర్బో కొన్నవాళ్లలో కొందరికి అసలు జబ్బు ఈ డ్రెయిన్ పైపులోనే ఉంటుంది.

సరే, వైరింగ్. ఇక్కడే ప్రాజెక్టులు చచ్చిపోతాయి. ఇంజన్ దించడం ఇద్దరు మనుషులు, ఒక క్రేన్ ఉంటే ఒక వీకెండ్ పని, వైరింగ్ మాత్రం ఓపిక పని. ఆర్ఎస్‌లో ఒకే కాయిల్ ప్యాక్ నాలుగు ప్లగ్గులకీ ఇస్తుంది, డబ్ల్యూఆర్ఎక్స్‌లో ప్లగ్గు ప్లగ్గుకీ ఒక కాయిల్. దానికి తోడు బూస్ట్ కంట్రోల్ సోలినాయిడ్, ఎగ్జాస్ట్ వేడి చూసే సెన్సార్, ఇవేవీ పాత ఈసీయూకి తెలీవు. కాబట్టి డబ్ల్యూఆర్ఎక్స్ ఈసీయూ, దాని ఇంజన్ హార్నెస్ (వైర్ల కట్ట), డ్యాష్ కింద నుంచి ఈసీయూ దాకా వచ్చే హార్నెస్ మొత్తం కోయకుండా తీసుకోవాలి. మేం దాన్ని తీసి నేల మీద పరిస్తే చిక్కుపడ్డ గాలిపటం దారంలా ఉంది, మావాడు చూసి కాసేపు మాట్లాడలేదు.

నేను చెప్పిన పద్ధతి ఇది. రెండు కార్ల వైరింగ్ డయాగ్రాములూ ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టుకుని, ఈసీయూ పిన్నులు ఒక్కోటి తీసుకుని మూడు రంగుల హైలైటర్లతో గీయడం. ఇంజన్ మీదే మొదలై ఈసీయూ దగ్గరే ముగిసేవి ఒక రంగు, వాటిని ముట్టుకోవద్దు, సెన్సార్లు, ఇంజెక్టర్లు, కాయిళ్లు అన్నీ ఇవే, వైర్లలో ఎక్కువ భాగం ఇవే. రెండో రంగు, ఈసీయూ నుంచి కారు బాడీలోకి వెళ్లేవి, పవర్, ఎర్త్, ఫ్యూయల్ పంప్ రిలే, రేడియేటర్ ఫ్యాన్ రిలేలు, టాకోమీటర్, చెక్ ఇంజన్ లైట్, ఏసీ, న్యూట్రల్ స్విచ్, స్పీడ్ సిగ్నల్. నిజంగా కలపాల్సినవి ఇవే, లెక్కపెడితే మీరు భయపడినన్ని ఉండవు. మూడో రంగు, మన కార్లో లేని వాటికి వెళ్లేవి, అవి చుట్టి పక్కన పెట్టడమే. ఇలా కాగితం మీద పని అయిపోయాకే కటింగ్ ప్లేయర్ చేతికి ఇచ్చాను. ప్రతి వైరుకీ మాస్కింగ్ టేప్ చుట్టి పెన్నుతో పేరు రాయడం బోరు పనే, కానీ ఒకే రంగు వైర్లు రెండు ఎదురైనప్పుడు ఆ టేపే దిక్కు.

రెండు చిన్న విషయాలు, ఎక్కడా పెద్దగా రాయరు. నాక్ సెన్సార్ వైరు చుట్టూ ఒక షీల్డ్ ఉంటుంది, దాన్ని ఒక చివర మాత్రమే ఎర్త్ చేయాలి, అది వదిలేసి మామూలు వైరుతో పొడిగిస్తే ఇగ్నిషన్ నుంచి వచ్చే కరెంట్ గోలంతా ఆ వైరులోకి ఎక్కి, లేని నాకింగ్ ఉన్నట్టు ఈసీయూ అనుకుని స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, బండి ఎందుకు లాగట్లేదో ఎవరికీ అర్థం కాదు. రెండోది ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే లావు ఎర్త్ పట్టీ. అది బిగించడం మర్చిపోతే స్టార్టర్ కరెంట్ వేరే దారి వెతుక్కుంటుంది, క్లచ్ కేబుల్ అయినా త్రాటిల్ కేబుల్ అయినా దానికి ఒకటే, ఆ కేబుళ్లు కాలిపోయిన బండ్లు ఉన్నాయి.

కొత్త కార్లకి వచ్చేసరికి ఈ కథ ఇంకా ముదురుతుంది. ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ నాలుగో తరంలో 2.0 ఇంజన్ తీసి 1.8టీ టర్బో వేయడం పాపులర్ స్వాపే, అన్నీ కంపెనీ సామానే. కానీ దొంగతనం ఆపే ఇమ్మొబిలైజర్ స్పీడోమీటర్ క్లస్టర్‌లో కూర్చుని ఉంటుంది, వేరే కారు ఈసీయూ పెడితే ఇంజన్ స్టార్ట్ అయినట్టే అయ్యి వెంటనే ఆగిపోతుంది. దాత కారు ఈసీయూ, క్లస్టర్, తాళం మూడూ కలిపి తెచ్చుకోవాలి, లేదా ఆ ఈసీయూకీ మీ క్లస్టర్‌కీ జత కుదర్చాలి. ఇంకా కొత్తవాటిలో అయితే ఏబీఎస్, స్టీరింగ్, బాడీ మాడ్యూల్ అన్నీ క్యాన్ బస్ అనే ఉమ్మడి వైర్ల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటాయి, పాత ఈసీయూ నుంచి రావాల్సిన మెసేజ్ రాకపోతే ఒక్కోటి అలుగుతుంది. స్టాండలోన్ ఈసీయూ (కారు కంపెనీది కాకుండా విడిగా కొనేది) పెడితే ఇంజన్ బ్రహ్మాండంగా నడుస్తుంది, డ్యాష్‌బోర్డ్ మాత్రం లైట్లతో నిండిపోతుంది. రోజూ తిరిగే బండికి కంపెనీ ఈసీయూనే నా ఓటు.

గేర్‌బాక్స్ దగ్గర ఒక ట్రాప్ ఉంది. డబ్ల్యూఆర్ఎక్స్ గేర్‌బాక్స్ కూడా వస్తోంది కదా అని అది వేసి, వెనక డిఫరెన్షియల్ ఆర్ఎస్‌దే ఉంచేస్తే, ముందు చక్రాలు ఒక లెక్కలో వెనక చక్రాలు ఇంకో లెక్కలో తిరగాలని చూస్తాయి. ఆర్ఎస్ వెనక 4.11, డబ్ల్యూఆర్ఎక్స్ వెనక 3.54, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ అన్నిసార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. ఆల్ వీల్ డ్రైవ్ కాబట్టి ఆ తేడా అంతా మధ్యలో ముందు, వెనక చక్రాలని కలిపే విస్కస్ కప్లింగ్ మీద పడి అది కాలిపోతుంది. గేర్‌బాక్స్ మారిస్తే వెనక డిఫరెన్షియల్ కూడా మార్చాల్సిందే, జంటగానే. మేం ఆర్ఎస్ గేర్‌బాక్స్‌నే ఉంచాం, 4.11 వల్ల గేర్లు పొట్టిగా ఉండి సిటీలో బాగుంటుంది అని. అలా ఉంచితే క్లచ్ కూడా ఆర్ఎస్ టైప్‌దే కావాలి, ఆ డబ్ల్యూఆర్ఎక్స్‌ది లాగే రకం, ఆర్ఎస్‌ది నొక్కే రకం, ఫ్లైవీల్‌తో సహా గేర్‌బాక్స్ ఎటుంటే అటే వెళ్లాలి. ఆ గేర్‌బాక్స్ ఎన్నాళ్లు మోస్తుంది అంటే క్లచ్ ఒక్కసారిగా వదిలేసి లాంచ్‌లు కొట్టనంత కాలం మోస్తుంది.

ఇంటర్‌కూలర్ ఎందుకు అని కొందరు అడుగుతారు కాబట్టి చిన్న లెక్క. బయట 25 డిగ్రీలు ఉన్న గాలిని టర్బో ఒక బార్ బూస్ట్‌కి నొక్కితే, టర్బో సామర్థ్యం 70 శాతం దగ్గర వేసుకున్నా, ఆ గాలి 115 డిగ్రీలు దాటి బయటికొస్తుంది. వేడి గాలి పల్చబడుతుంది, నాకింగ్‌ని పిలుస్తుంది, అంటే టర్బో చేసిన కష్టం సగం అక్కడే పోతుంది. గాలి ఎక్కువైతే పెట్రోల్ కూడా అదే లెక్కలో ఎక్కువ కావాలి, అందుకే పంపు, ఇంజెక్టర్లు కూడా దాతవే. ట్యాంకులో పాత పంపు ఉంచేస్తే ఐడిల్‌లో, మెల్లగా తోలేటప్పుడు అంతా సుఖమే, ఫుల్ త్రాటిల్ మీద ప్రెషర్ పడిపోయి మిశ్రమం పల్చబడి పిస్టన్ కరుగుతుంది. చప్పుడు కూడా రాదు ముందు.

మొదటి స్టార్ట్‌కి ముందు ఇంజెక్టర్ల, కాయిళ్ల కనెక్టర్లు పీకేసి, ఆయిల్ లైట్ ఆరేదాకా ఉత్త స్టార్టర్ తిప్పాం, టర్బో బేరింగ్‌కి ఆయిల్ చేరాకే మంట పెట్టాలని. తర్వాత కనెక్టర్లు పెట్టి తాళం తిప్పితే కాసేపు దగ్గి పట్టుకుంది. ఎగ్జాస్ట్ మీద పడ్డ గ్రీజు, చేతి మరకలు కాలి పొగ వచ్చింది, అది మామూలే, కూలెంట్ తియ్యటి వాసన వస్తేనే భయపడాలి.

వెంటనే రోడ్డెక్కి తొక్కొద్దు. వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ పెట్టుకోండి, గాలీ పెట్రోల్ పాళ్లు అది చూపిస్తుంది, కంపెనీ సెన్సార్లలో మామూలు నేరోబ్యాండ్‌కి 14.7 (బరువులో ఒక వంతు పెట్రోల్‌కి 14.7 వంతుల గాలి) చుట్టుపక్కల తప్ప ఏం తెలీదు. మెల్లగా తోలేటప్పుడు 14.7 దగ్గర ఊగుతూ, ఫుల్ బూస్ట్ మీద 11 చిల్లరకి దిగితే మనసు కుదుటపడుతుంది, 13 చూపిస్తే కాలు తీసేయండి. ఆ ఏళ్ల డబ్ల్యూఆర్ఎక్స్ ఈసీయూలతో సుఖం ఏంటంటే రోమ్‌రైడర్ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో లాగ్ తీసి మ్యాప్ (పెట్రోల్, స్పార్క్ లెక్కల పట్టిక) చూసుకోవచ్చు, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పక్క సీట్లో నేను, వాడు డ్రైవింగ్. నాక్ కరెక్షన్ కాలమ్‌లో సున్నాలు వరసగా కనిపిస్తుంటే అంత ఆనందం ఇంకేదీ ఇవ్వదు.

ఇంతకీ తోలితే ఎలా ఉంది? నిజం చెప్తా, 3000 ఆర్పీఎమ్ లోపల పాత 2.5 ఇంజనే నయం. రెండు లీటర్లు, 8:1 కంప్రెషన్, బూస్ట్ రాకముందు ఇది కొంచెం బద్ధకంగా ఉంటుంది, సిగ్నల్ దగ్గర పాత అలవాటుతో క్లచ్ వదిలితే బండి నసుగుతుంది. 3000 దాటాక మాత్రం మాటల్లేవు, మెడ వెనక్కి పడుతుంది, ఈల వినిపిస్తుంది, రెండో గేరు ఇట్టే అయిపోతుంది. సిటీలో మాత్రమే తిరిగేవాడైతే ఇంత కష్టం పడకుండా ఆ 2.5నే బాగు చేయించుకొమ్మంటా, స్వాప్ చేస్తే పికప్ అన్నిచోట్లా పెరుగుతుందని అనుకుంటారు గానీ అలా ఏం లేదు.

కాగితాల పని కూడా ముందే కనుక్కోండి, ఇంజన్ నంబర్ మారుతుంది కాబట్టి రిజిస్ట్రేషన్, పొల్యూషన్ టెస్ట్, ఇన్సూరెన్స్ మూడూ కదులుతాయి, కొన్నిచోట్ల అసలు ఒప్పుకోరు. ఇంజన్ కొన్నాక కాదు, కొనక ముందు.

ఇక బ్రేకులు. 100లో వెళ్లే బండి 130లో వెళ్తే ఆపాల్సిన శక్తి దాదాపు 1.7 రెట్లు, స్పీడ్ స్క్వేర్ లెక్క అది. ఇప్పటికి మంచి ప్యాడ్లు, కొత్త ఫ్లూయిడ్‌తో నడుస్తోంది. మావాడి కన్ను మాత్రం అప్పుడే ఎస్టీఐ (డబ్ల్యూఆర్ఎక్స్ కంటే పై మోడల్) ఆరు గేర్ల గేర్‌బాక్స్ మీద పడింది, ఒకటి దొరికిందట, గేర్‌బాక్స్ ఒక్కటే. దాంతోపాటు వెనక డిఫరెన్షియల్, ప్రొపెల్లర్ షాఫ్ట్, యాక్సిళ్లు, క్లచ్, ఫ్లైవీల్ ఏమేం రావాలో కాగితం మీద రాసిచ్చా. చదివి మడిచి జేబులో పెట్టుకుని, ముందు బ్రేకులు చూద్దాంలే అన్నాడు.